కవి మరణ సంవత్సరం: గ్రంథస్వామ్యం, అలభ్య గ్రంథాలు, తెలుగు శాఖల బాధ్యత

తెలుగు సాహిత్య చరిత్ర రచనలో కాలనిర్ణయానికి దక్కిన గౌరవం మరే అంశానికీ దక్కలేదు. 1909లో మానవల్లి రామకృష్ణకవి కుమారసంభవాన్ని ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించిన నాటి నుంచి ఆ కవి కాలంపై వెలువడిన ఖండనమండనలను పోగుచేస్తే ఒక అలమర నిండుతుంది. 1934 నాటి గోలకొండ కవుల సంచికలో పద్యాలు ప్రకటించిన కవులలో ఎవరు ఏ సంవత్సరంలో గతించారని అడిగితే మాత్రం జవాబు కోసం ఊరూరా తిరగవలసి వస్తుంది. నన్నెచోడుని కాలం పాండిత్యానికి సంబంధించిన సమస్య. 1934 నాటి కవి మరణ సంవత్సరం చట్టానికి కూడా సంబంధించిన సమస్య. అతని కృతిని ఎవరు అచ్చు వేయవచ్చు, ఏ గ్రంథాలయం దానిని నిరభ్యంతరంగా అందరికీ అందించవచ్చు అన్న ప్రశ్నలకు సమాధానం ఆ ఒక్క అంకెలోనే ఉంది.

అలభ్య గ్రంథాలను అందుబాటులోకి తేవడానికి గ్రంథస్వామ్య చట్టం అడ్డుగా ఉందన్న అభిప్రాయం తెలుగు పరిశోధకులలో స్థిరపడింది. ఆ అభిప్రాయంలో సగమే నిజముంది. చట్టం కొన్ని తలుపులు మూసింది, కొన్ని తెరిచి ఉంచింది. తెరిచి ఉన్నవాటిలోకి తెలుగు గ్రంథాలయాలు అడుగుపెట్టలేదు. వాటిని నడిపించగల తెలుగు శాఖలు ఆ పని తమది కాదనుకున్నాయి. ఈ వ్యాసం ఆ ఉదాసీనతను ప్రశ్నిస్తుంది.

బాన్సువాడ నుంచి చూస్తే

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతపు పట్టణం. 2016లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు నిజామాబాదు జిల్లాలో ఉండేది. అటువంటి పట్టణంలోని విద్యార్థి హైదరాబాదు రాజ్యకాలపు తెలుగు ముద్రిత సాహిత్యంపై పరిశోధన చేయదలిస్తే అతనికి కావలసిన పుస్తకాలు ప్రధానంగా రాజధానిలో ఉంటాయి. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు అతని గమ్యాలు. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతులు పంపవలసిన గ్రంథాలయాలు నాలుగు. అవి కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీ నగరాలలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాలలో ఒక్కటీ లేదు. కనుక తెలుగు పుస్తకపు చివరి ప్రతి తెలుగునాట మిగిలి ఉండడం చట్టం వల్ల కాదు, స్వచ్ఛంద గ్రంథాలయాల పుణ్యం వల్ల.

అటువంటి ప్రతి ఒకటి దొరికినా దాని నకలు కోరినప్పుడు 'కాపీరైట్ ఉంది' అన్న మాట ఎదురుకావచ్చు. అదే పుస్తకపు పీడీఎఫ్ మరునాడు వాట్సాప్ బృందంలో రావచ్చు. ఎవరు స్కాన్ చేశారో, ఏ ముద్రణ నుంచి చేశారో, ఎన్ని పుటలు జారిపోయాయో తెలియదు. పరిశోధకుడు దానినే చదివి, ఉపయుక్త గ్రంథసూచిలో మాత్రం తాను చూడని ముద్రణ వివరాలు వేస్తాడు. ఒకవైపు కారణం చెప్పని నిరాకరణ, మరొకవైపు బాధ్యత లేని పంపిణీ. ఈ రెంటి నడుమ తెలుగు పరిశోధన ప్రామాణికత సన్నగిల్లుతున్నది.

ఇద్దరు సహఖైదీలు, రెండు గడువులు

1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టం 1958 జనవరి 21 నుంచి అమలులో ఉంది. రచయిత జీవించినంత కాలం, మరణించిన ఏడు ముగిసిన తరువాత మరో 60 సంవత్సరాలు హక్కు కొనసాగుతుంది. దీనిని గ్రహించడానికి నిజామాబాదు జిల్లా చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్య నిజాం వ్యతిరేక పోరాటకాలంలో నిజామాబాదు కారాగారంలో కలిసి ఉన్నారు. దాశరథి తన అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఆళ్వారుస్వామి 1961 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అతని రచనలు 2022 జనవరి 1 నుంచి ప్రజల సొత్తు. ప్రజల మనిషి నవలను బాన్సువాడలోని ఏ ముద్రాపకుడైనా ఎవరి అనుమతీ లేకుండా ప్రచురించవచ్చు. దాశరథి 1987 నవంబరులో గతించాడు. అగ్నిధారపై హక్కు 2047 చివరి వరకు వారసులది. అంకితమిచ్చిన కృతికీ అంకితం పొందినవాని కృతులకూ నడుమ 26 సంవత్సరాల ఎడం ఉంది.

ఆళ్వారుస్వామి నవలాకారుడు మాత్రమే కాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తెలుగు పుస్తకానికి ఆదరణ కరువైన రాజ్యంలో పుస్తకాలు అచ్చు వేసి, వాటిని పాఠకుల వద్దకు స్వయంగా చేర్చిన ప్రచురణకర్త, గ్రంథాలయోద్యమ కార్యకర్త. ఆయన రచనలు స్వేచ్ఛ పొందిన సంవత్సరాన్ని ఒక సాహిత్య సందర్భంగా గుర్తించగలిగే క్యాలెండరు తెలుగు శాఖల వద్ద లేదు. శతజయంతులకు సదస్సులు జరుగుతాయి, ప్రత్యేక సంచికలు వస్తాయి. హక్కు ముగిసిన ఏడాది ఎవరికీ పట్టదు. పాఠకునికి నిజంగా ఉపకరించేది ఆ ఏడాదే.

ఈ గడువు మొదట 50 సంవత్సరాలే. రవీంద్రనాథ ఠాగూరు 1941లో మరణించినందున 1991 ముగిసేసరికి ఆయన రచనలపై విశ్వభారతి హక్కు తీరిపోవలసి ఉంది. ఆ తరుణంలో 1991 డిసెంబరు చివర ఆర్డినెన్సు వచ్చింది. 1992లో చట్ట సవరణగా మారి గడువును 60కి పెంచింది. ఒక సంస్థ ప్రయోజనం కోసం జరిగిన మార్పు దేశంలోని ప్రతి భాషకూ వర్తించింది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2004లో స్వేచ్ఛ పొందవలసింది 2014 దాకా ఆగాయి. ఆళ్వారుస్వామి రచనలు పదేళ్ళు ఆలస్యమయ్యాయి. ఠాగూరు గ్రంథాలు ఆ పదేళ్ళూ అంగడిలో అమ్ముడుపోయే గ్రంథాలు. అచ్చులో లేని తెలుగు పుస్తకానికి ఆ పదేళ్ళలో రాయల్టీగా వచ్చింది సున్న. వారసునికి ఫలితం లేదు, పాఠకునికి పుస్తకం లేదు. తెలుగు సాహిత్య సంస్థలు ఆ లెక్కను ఎన్నడైనా ఒక వినతిపత్రంలో పెట్టవలసి ఉండెను.

అనాథ కృతులు, ఆంగ్ల ప్రకటన

గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ఇచ్చిన సమాధానం అది. సంకలనకర్తగా సురవరానికున్న హక్కు 2013తో ముగిసింది. అయితే సంకలనంపై హక్కు వేరు, అందులోని ఒక్కొక్క కృతిపై హక్కు వేరు. 1934లో ఇరవై ఏళ్ళ యువకుడిగా పద్యం పంపిన కవి 1990 వరకు జీవించి ఉంటే ఆ పద్యంపై హక్కు 2050 దాకా ఉంటుంది. అది తెలుసుకోవాలంటే 354 మరణ సంవత్సరాలు కావాలి. ఈ సంచిక పునర్ముద్రణ పొందింది. దాని ప్రసిద్ధే దానిని కాపాడింది. అంతటి ప్రసిద్ధి లేని జిల్లా సంకలనాలు, సమస్యాపూరణ సంచికలు, భజన కీర్తనల చిన్న పుస్తకాలు, సాహితీ సమితుల వార్షిక సంచికలు అదే చిక్కులో ఉన్నాయి. వాటిని కాపాడేవారు లేరు.

హక్కుదారుని జాడ తెలియని ఇటువంటి కృతుల కోసం చట్టంలో 31ఏ సెక్షను ఉంది. 2012 సవరణతో అది ప్రచురిత కృతులకు కూడా వర్తిస్తుంది. దరఖాస్తు చేసి, నిర్ణయించిన రాయల్టీని జమకట్టి, పుస్తకాన్ని ప్రచురించవచ్చు. వారసుడు తరువాత వస్తే ఆ సొమ్ము తీసుకుంటాడు. ఆలోచన మంచిదే. ఆచరణలో ఒక షరతు దానిని నిర్వీర్యం చేసింది. దరఖాస్తుకు ముందు దేశంలో అధిక భాగంలో చెలామణి అయ్యే ఆంగ్ల దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. భారతీయ భాషలోని దినపత్రికలో కూడా ప్రకటించాలన్న నియమం అనువాదానికి మాత్రమే ఉంది. అంటే బాన్సువాడ ప్రాంతపు పద్యకవి మనుమని వెతకడానికి చట్టం ఎంచుకున్న సాధనం జాతీయ ఆంగ్ల పత్రిక. ఆ మనుమడు చదివే తెలుగు పత్రికలో ప్రకటన ఇవ్వనవసరం లేదు. ఐదు వందల ప్రతుల తెలుగు పుస్తకం ఆంగ్ల ప్రకటన ఖర్చును మోయలేదు. పైగా దరఖాస్తులు వినవలసిన సంస్థ సైతం నిలకడగా లేదు. కాపీరైట్ బోర్డు పోయి 2017లో మేధోసంపత్తి అప్పిలేటు బోర్డు వచ్చింది. 2021లో అదీ రద్దయి బాధ్యత న్యాయస్థానాలకు చేరింది. శాఖా గ్రంథాలయమో చిన్న ప్రచురణ సంస్థో ఆ మెట్లెక్కుతుందని ఆశించడం వాస్తవ దూరం.

ఈ షరతును మార్చాలని కోరడానికి న్యాయశాస్త్ర పాండిత్యం అవసరం లేదు. తెలుగు కృతి వారసుణ్ణి తెలుగు పత్రికలో వెతకాలని చెప్పడానికి తెలుగు శాఖ కంటే అర్హమైన సంస్థ మరొకటి లేదు. ఆ కోరిక ఒక తీర్మానంగానైనా వెలువడాలి.

వాడని అధికారం

చట్టం తెరిచి ఉంచిన తలుపులలో రెండు నేరుగా గ్రంథాలయాలకు చెందినవి. రెండూ 52వ సెక్షనులో ఉన్నాయి. మొదటిది 'ఎన్' ఖండం. వ్యాపారేతర ప్రజా గ్రంథాలయం తన వద్ద ముద్రిత ప్రతి ఉన్న కృతిని పరిరక్షణ నిమిత్తం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకోవచ్చు. రెండవది 'ఓ' ఖండం. దేశంలో అమ్మకానికి లభించని పుస్తకాన్ని గ్రంథపాలకుని ఆదేశంతో గ్రంథాలయ ఉపయోగం కోసం మూడు ప్రతులకు మించకుండా తయారు చేయించవచ్చు. హక్కు గడువు ముగిసిందా లేదా అన్న విచారణ ఇక్కడ అవసరం లేదు. పుస్తకం అంగడిలో లేకపోవడమే షరతు. ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, రుసుమూ కట్టనక్కరలేదు.

జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందిన శాఖా గ్రంథాలయం వ్యాపారేతర ప్రజా గ్రంథాలయమనడంలో సందేహానికి తావు లేదు. కనుక కామారెడ్డి జిల్లాకు సంబంధించిన అలభ్య గ్రంథాల జాబితా ఒకటి సిద్ధమైతే, హైదరాబాదు భాషానిలయాల సహకారంతో వాటి ప్రతులు చేయించి బాన్సువాడ అలమరలో ఉంచడానికి చట్టం అడ్డురాదు. ఖర్చుకు దారి లేదనడమూ సరి కాదు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అది సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరదన్నది పాత ఫిర్యాదు, న్యాయమైన ఫిర్యాదు. పది అలభ్య గ్రంథాల నకళ్ళకు, బైండింగుకు అయ్యేది మాత్రం ఆ బకాయిలు తీరే దాకా ఆగవలసినంత మొత్తం కాదు. కొరవడింది జాబితా. ఏ పుస్తకాలు కావాలో గ్రంథపాలకునికి చెప్పేవారు లేరు. చెప్పగలిగినవారు తమ సిద్ధాంత గ్రంథాల చివర ఆ పేర్లను ఉపయుక్త గ్రంథసూచిగా అచ్చు వేసి ఊరుకున్నారు.

ప్రచురణకర్తల వాదం

ఇందుకు ప్రచురణకర్తల నుంచి వచ్చే అభ్యంతరం తేలికగా తోసివేయదగినది కాదు. తెలుగు పుస్తకం ఐదు వందలో వెయ్యో ప్రతులు అచ్చవుతుంది. అవి అమ్ముడుపోవడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా పీడీఎఫ్ ప్రచారంలోకి వస్తే రెండవ ముద్రణ ఆగిపోతుంది. 'పుస్తకం అలభ్యం కాబట్టి నకలు తీశాం' అంటారు, ఆ నకలే పుస్తకాన్ని శాశ్వతంగా అలభ్యం చేస్తుంది. ఈ వాదంలో బలం ఉంది. అచ్చులో ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేసి పంచడాన్ని సాహిత్యసేవగా చెప్పుకోవడం ఆత్మవంచన. సజీవులైన రచయితల శ్రమను ఉచితంగా పంచి పెట్టే అధికారం ఏ సాహిత్యాభిమానికీ లేదు.

ఈ సందర్భంలో ఢిల్లీ విశ్వవిద్యాలయ జిరాక్సు కేసును తరచుగా ప్రస్తావిస్తారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీసెస్‌పై వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2016లో బోధనావసరాలకు నకళ్ళు తీయడాన్ని సమర్థించింది. ఆ తీర్పు పాఠ్యప్రణాళికకు కావలసిన భాగాలకు, బోధన క్రమానికి సంబంధించినది. సమగ్ర గ్రంథాన్ని లోకమంతటికీ పంచడానికి అది పత్రం రాసి ఇవ్వలేదు. తీర్పును చదవకుండా దాని పేరు వాడుకోవడం పరిశోధకునికి తగదు.

అయితే ప్రచురణకర్తల వాదం అచ్చులో ఉన్న పుస్తకానికే చెల్లుతుంది. ఇరవై ఏళ్ళుగా పునర్ముద్రణ లేని పుస్తకంపై 'హక్కు మాది' అనడం, పొలం దున్నకుండా గట్టు మీద కాపలా కూర్చోవడం వంటిది. చట్టం కూడా ఆ వైఖరిని హర్షించదు. 19వ సెక్షను ప్రకారం హక్కు బదలాయింపు లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. 1994 సవరణ అమలులోకి వచ్చిన తరువాత కుదిరిన ఒప్పందంలో కాలపరిమితి రాసి ఉండకపోతే అది ఐదేళ్ళే. మరో విధంగా రాసుకుంటే తప్ప, పొందిన హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే ఆ బదలాయింపు చెల్లకుండా పోతుంది. నోటిమాటతో పుస్తకాలు వచ్చిన తెలుగు ప్రచురణ లోకంలో 'సర్వహక్కులు ప్రచురణకర్తవి' అన్న పంక్తికి వెనుక కాగితం ఉందా అని అడగాలి. లేకపోతే హక్కు రచయితది, అతని తరువాత వారసులది. ప్రచురితమైన కృతిని మళ్ళీ ప్రచురించడానికి హక్కుదారు నిరాకరించి, అది ప్రజలకు అందకుండా పోతే 31వ సెక్షను కింద అనివార్య అనుమతి కోరే దారి కూడా ఉంది.

అనధికార స్కానింగు వల్ల కలిగే నష్టానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవమే పాఠం. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం భాగస్వాములుగా, రాజ్ రెడ్డి ప్రేరణతో, హైదరాబాదు ఐఐఐటీ వంటి కేంద్రాల శ్రమతో వేలాది తెలుగు పుస్తకాలు ప్రతిబింబాలుగా మారాయి. ఇప్పటి తెలుగు పరిశోధన ఆ కృషికి ఋణపడి ఉంది. కాని గడువు తీరిన పుస్తకాలను, తీరని వాటిని వేరుచేయకుండా ఒకే రాశిగా పోశారు. చివరకు అధికారిక వేదిక మూతపడింది. పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగలడం ఇతరుల చొరవ ఫలితం. ఆ రాశిని వేరుచేయడానికి కావలసింది కంప్యూటరు విజ్ఞానం కాదు. ప్రతి రచయిత పేరు ఎదుట ఒక మరణ సంవత్సరం కావాలి. ఆ సమాచారం సాహిత్య చరిత్రకారుల నుంచి రావలసింది.

పొరుగువారి దారులు

తమిళనాడులో 1949లో ప్రభుత్వం సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను కొని ప్రజలపరం చేసింది. ఆ తరువాత వందమందికి పైగా రచయితల విషయంలో వారసులకు సొమ్ము చెల్లించి రచనలను జాతీయం చేసింది. వారసుని గౌరవమూ నిలిచింది, పాఠకునికి పుస్తకమూ అందింది. దాదాపు 55 లక్షల జనాభా గల నార్వేలో జాతీయ గ్రంథాలయం హక్కుదారుల సమష్టి సంస్థ కోపినార్‌తో ఒప్పందం చేసుకుని, పాత పుస్తకాలను దేశంలోని పాఠకులందరికీ తెరపై అందిస్తున్నది. తన పుస్తకం వద్దన్నవారు తొలగించమని కోరవచ్చు. 2011 జనగణన ప్రకారం 8 కోట్లకు పైగా మాతృభాషీయులు గల తెలుగుకు ఇది శక్తికి మించిన పని కాదు. తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం పేరు పెట్టుకున్న రాష్ట్రం, సురవరం సంకలించిన కవుల హక్కుల చిట్టా తయారు చేయించడం ఆ పేరుకు తగిన పని.

తెలుగు శాఖలు చేయవలసింది

ప్రభుత్వం పథకం రచించే దాకా వేచి ఉండనవసరం లేని పనులు మూడున్నాయి.

మొదటిది, హక్కుల సూచిక. జిల్లా సాహిత్యంపై, ప్రాంతీయ కవులపై తెలుగు శాఖలు దశాబ్దాలుగా పట్టాలు ఇస్తున్నాయి. ప్రతి సిద్ధాంత గ్రంథంలోనూ కవి జీవితం అనే అధ్యాయం ఉంటుంది. అందులో వంశం, గోత్రం, గురుపరంపర వివరంగా ఉంటాయి. ఇకపై మరణ సంవత్సరం, దానికి ఆధారం, వారసులున్నారా లేదా, ముద్రిత ప్రతి ఏ గ్రంథాలయంలో ఉంది, హక్కు ఎప్పుడు ముగుస్తుంది అన్న అంశాలు తప్పనిసరి కావాలి. వారసుల చిరునామాలు అచ్చు వేయనక్కరలేదు, శాఖ వద్ద భద్రంగా ఉంటే చాలు. క్షేత్రపర్యటనలో ఆ ఇంటి గడప తొక్కిన పరిశోధకుడు ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే, ఆంగ్ల పత్రికా ప్రకటన సాధించలేనిది సాధ్యమవుతుంది. పునర్ముద్రణకు, డిజిటలీకరణకు సమ్మతిస్తూ ఒక సంతకం అప్పుడే తీసుకోవచ్చు.

రెండవది, శాఖా గ్రంథాలయాలతో ఒప్పందం. ఒక్కొక్క తెలుగు శాఖ తన పరిధిలోని జిల్లాల అలభ్య గ్రంథాల జాబితాను జిల్లా గ్రంథాలయ సంస్థకు అందించాలి. 52వ సెక్షను ఇచ్చిన అధికారాన్ని గ్రంథపాలకులకు వారి భాషలో వివరించాలి. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయ పరిధిలో బాన్సువాడతో ఈ పని మొదలుపెట్టడానికి ప్రత్యేక నిధులు, కొత్త చట్టాలు అవసరం లేదు.

మూడవది, సొంత ఇల్లు చక్కదిద్దుకోవడం. విశ్వవిద్యాలయ పత్రికలలో వ్యాసాలు వేసేటప్పుడు రచయితల నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోకపోతే ఆ వ్యాసాలపై హక్కు వ్యాసకర్తలదే. అనుమతి పత్రాలు లేని శాఖ తన పాత సంచికలను తానే డిజిటలీకరించదలిస్తే దివంగతులైన ఆచార్యుల వారసులను వెతకవలసి వస్తుంది. నేటి పరిశోధన రేపటి అనాథ సాహిత్యం కాకుండా ఉండాలంటే ప్రతి వ్యాసంతో పాటు ఒక పుట అనుమతి పత్రం ఉండాలి. దానిని అడగడానికి సంపాదకులు మొహమాటపడనక్కరలేదు.

గ్రంథాలయోద్యమం నాటి కార్యకర్తలు పుస్తకాన్ని పాఠకుని గడప వద్దకు చేర్చడానికి నిజాం ప్రభుత్వపు ఆంక్షలను ఎదుర్కొన్నారు. ఆళ్వారుస్వామి వంటివారికి పుస్తకం పంచడం జైలుకు దారితీసే పనులలో ఒకటి. నేటి తెలుగు శాఖల ముందున్నది అంతకంటే ఎంతో తేలికైన పని. కవి మరణ సంవత్సరాన్ని నిర్ధారించి, అతని ఇంటివారిని ఒక మాట అడిగి, దానిని నమోదు చేయాలి. ఆ నమోదు జరగనంత కాలం అలభ్య గ్రంథాల కొరతకు చట్టాన్ని నిందించే అర్హత తెలుగు పరిశోధనకు లేదు.